సంచిలో సర్దుకోవలసిన రెండు రోజులు

మే నెల మధ్యాహ్నం. తార్నాక చౌరస్తాలో ఎండ 40 డిగ్రీలకు చేరిన వేళ, ఉన్ని మేజోళ్ళు ఎక్కడ దొరుకుతాయని దుకాణాల వారిని అడుగుతూ తిరిగాను. చలికాలంలో మన నగరానికి ఉన్ని దుస్తులు తెచ్చి అమ్మే టిబెటన్ వర్తకులు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఒక దుకాణదారు నా ముఖం వైపు జాలిగా చూసి, "ఈ ఎండల్లోనా అమ్మా?" అన్నాడు. "ఇక్కడికి కాదు నాయనా, లేహ్‌కు" అన్నాను. అతడు నవ్వి, అటక మీది నుండి దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి దింపాడు.

మేము ఉండేది మల్కాజ్‌గిరిలో. లాలాపేట దాటితే తార్నాక; అది దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం. మా అమ్మాయి అక్కడే భూభౌతిక శాస్త్రం చదువుతున్నది. పరీక్షలు ముగిశాక లద్దాఖ్ చూడాలన్నది ఆమె చిరకాల కోరిక. మా వారు ఎనిమిది రోజులు సెలవు పెట్టారు. 68 ఏళ్ళ మా అత్తమ్మ, "నన్ను విడిచి వెళ్తారా?" అని చిన్నపిల్లలా అడిగారు. ఆమెకు రక్తపోటు ఉన్నది. మా ఇంటిల్లిపాదికీ తెలిసిన ఎత్తు మౌలాలి గుట్ట ఒక్కటే. అయినా వైద్యునికి చూపించి, ఆయన అనుమతి తీసుకుని, ఆమెను కూడా వెంట తీసుకువెళ్ళాలని నిర్ణయించుకున్నాము.

ఆ ప్రయాణానికి ఏమి సర్దుకోవాలో, ఏమి ధరించాలో మేము కొంత అడిగి తెలుసుకున్నాము. కొంత నేను తప్పు చేసి తెలుసుకున్నాను. రెండింటినీ పాఠక సోదరీమణుల ముందు ఉంచుతున్నాను.

ఎడారి అంటే ఇసుక మాత్రమే కాదు

ఎడారి అనగానే మనకు ఇసుకతిన్నెలు, వడగాలి గుర్తుకు వస్తాయి. హజ్, ఉమ్రాలకు వెళ్ళి వచ్చిన పెద్దలు చెప్పే మండుటెండల ముచ్చట్లు ప్రతి ఇంటా ఉన్నాయి. లేహ్ కూడా ఎడారి నగరమే. అయితే అది శీతల ఎడారి. వాన మేఘాలను హిమాలయాలు దక్షిణాననే నిలిపివేస్తాయి. అందువల్ల లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన, మంచు కలిపి సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే. మన హైదరాబాద్‌లో కురిసేది 800 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది.

ఇక ఎత్తు సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంటే, లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా 21 శాతమే. కానీ ఎత్తుకు వెళ్ళిన కొద్దీ గాలి పలచబడుతుంది. లేహ్‌లో గాలి పీడనం సముద్రతీరంలో ఉండే పీడనంలో దాదాపు మూడింట రెండు వంతులే. అంటే మనం తీసుకునే ప్రతి శ్వాసలోనూ మూడో వంతు ప్రాణవాయువు తగ్గిపోయినట్లే.

గాలి పలచన కావడం వల్ల ఎండ తీక్షణత పెరుగుతుంది. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం హెచ్చుతుంది. మేఘాలు, తేమ లేనందున పగలు వేడెక్కిన నేల సూర్యుడు వాలగానే ఆ వేడిని వదిలేస్తుంది. మే నెలలో పగలు 16, 17 డిగ్రీలు ఉంటే, తెల్లవారుజామున 2, 3 డిగ్రీలకు పడిపోతుంది. నీడకూ ఎండకూ మధ్య కూడా అంత తేడా కనిపిస్తుంది. తల ఎండలో, కాళ్ళు నీడలో పెట్టి కూర్చున్నవాడికి వడదెబ్బ, మంచుకాటు రెండూ ఒకేసారి తగులుతాయని అక్కడ ఒక మాట ఉన్నది. పొడిగాలికి చెమట పట్టినట్లే తెలియదు. పట్టిన మరుక్షణం ఆరిపోతుంది. దాహం వేయకముందే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. పెదవులు పగులుతాయి, కొందరికి ముక్కు నుండి రక్తం కూడా వస్తుంది.

సంచిలో పెట్టే ప్రతి వస్తువూ ఈ నాలుగింటికి జవాబుగా ఉండాలి: పలచని గాలి, తీక్షణమైన ఎండ, రాత్రి చలి, పొడితనం.

ఒక మందానికి బదులు మూడు పలచనివి

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ ఆయనను చాచా అంటారు. తార్నాకకు దగ్గరలోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆ సంస్థ శాస్త్రవేత్తలు లద్దాఖ్‌లోని పూగా లోయలో వేడినీటి బుగ్గలను, భూగర్భ తాపాన్ని గురించి పరిశోధనలు చేశారు. పూగా ఎత్తు 4,400 మీటర్లు. ఆ బృందాలతో వెళ్ళి వచ్చిన అనుభవం చాచాది. నేను కొన్న మందపాటి కోటును గర్వంగా చూపించగానే ఆయన తల అడ్డంగా ఊపారు.

"బేటీ, ఒక మందపాటి దానికంటే మూడు పలచనివి మేలు. ఎండలో ఒకటి తీయాలి, నీడలో ఒకటి తొడగాలి, గాలికి ఇంకొకటి వేయాలి. నీ కోటును సగం తీయలేవు కదా!" అన్నారు.

ఆయన చెప్పిన మూడు పొరలు ఇవి. ఒంటికి అంటుకుని ఉండే మొదటి పొర చెమటను పీల్చి బయటికి పంపేదిగా ఉండాలి. పలచని ఉన్ని గానీ, థర్మల్ లోదుస్తులు గానీ ఇందుకు పనికివస్తాయి. మనకు అలవాటైన నూలు బనియన్లు చెమటను తమలోనే ఉంచుకుంటాయి; గాలి తగలగానే మంచులా చల్లబడతాయి. రెండో పొర వెచ్చదనాన్ని పట్టి ఉంచే ఉన్ని స్వెటర్. దుస్తుల మధ్య నిలిచే గాలే అసలైన దుప్పటి. కాబట్టి ఏ పొరా బిగుతుగా ఉండకూడదు. మూడో పొర గాలిని, తుంపరను ఆపే పలచని జాకెట్. వాన తక్కువే కదా అని దీనిని విడిచిపెట్టరాదు. 2010 ఆగస్టు 5 రాత్రి లేహ్‌పై మేఘం బద్దలై వచ్చిన వరదలో రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎడారిలో వాన అరుదు. పడితే మాత్రం దానిని ఇముడ్చుకునే శక్తి ఆ నేలకు లేదు.

కాళ్ళ విషయంలో చాచా మరింత పట్టుదలగా మాట్లాడారు. ప్రయాణానికి కొత్త బూట్లు కొనవద్దు. కొంటే నెల ముందే కొని, ప్రాంగణంలో రోజూ నడిచి అలవాటు చేసుకోవాలి. మందపు మేజోళ్ళు పట్టేలా కొంచెం వదులుగా ఉండాలి. బిగుతు బూటులో రక్తం సరిగా ఆడదు, కాలు వెచ్చబడదు. మా అమ్మాయి ఆ మాట ప్రకారం సాయంత్రాలు ఆర్ట్స్ కళాశాల ముందు బూట్లతో నడిచేది. నేను నవ్వుకునేదాన్ని.

ఒక సాయంత్రం ఆమె ఆ భవనాన్ని చూపిస్తూ ఒక మాట చెప్పింది. 1939లో ప్రారంభమైన ఈ భవనం కట్టకముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని విదేశాలకు పంపి అక్కడి విశ్వవిద్యాలయాలను చూసి రమ్మన్నారు. వారు ఎన్ని దేశాలు చూసి వచ్చినా, చివరకు కట్టింది మాత్రం మన దక్కన్ గ్రానైట్‌తో, మందపు గోడలతో, మన ఎండకు తగినట్లుగా. "కట్టడమైనా, కట్టుకునే బట్టయినా ఆ నేలను అడిగి నిర్ణయించాలి అమ్మీ" అన్నది. ఆ మాటను నేను అప్పుడు చెవిన పెట్టలేదు.

పర్దా, గాలి, దుమ్ము

సోదరీమణులకు వచ్చే మొదటి సందేహం బురఖా గురించి. నేను రెండు నల్లని సిల్కు రకం బురఖాలు పెట్టుకున్నాను. అవి రెండూ పొరపాటే. పాలిస్టర్ బట్ట పొడిగాలికి విద్యుత్తు పట్టి ఒంటికి అంటుకుపోయింది; తీసేటప్పుడు చిటపటమని నిప్పురవ్వలు కనిపించాయి. నేలను తాకే అంచు దుమ్మును ఊడ్చింది, మెట్ల మీద కాళ్ళకు అడ్డుపడింది. గాలి వీచినప్పుడు తెరచాపలా ఉబ్బింది.

మా అమ్మాయి పద్ధతి వేరు. థర్మల్ మీద మోకాళ్ళు దాటే వదులైన ఉన్ని కుర్తా, వెడల్పు సల్వార్, దానిపైన పొడవాటి జాకెట్. తలకు లోపల నూలు టోపీ, దానిపై పలచని ఉన్ని ఓఢ్నీ, గట్టి సేఫ్టీ పిన్నులు. పర్దాలో లోటు లేదు, నడకలో ఇబ్బంది లేదు. బురఖా తప్పనిసరిగా ధరించే సోదరీమణులు చీలమండల వరకే వచ్చే అంచుతో, కొంచెం బరువైన నూలు లేదా ఉన్ని మిశ్రమ బట్టతో కుట్టించుకోవడం మంచిది.

అక్కడికి వెళ్ళాక మరొకటి గమనించాను. లేహ్ వీధుల్లో ఏ మతానికి చెందిన స్త్రీ అయినా, పొలంలో పనిచేసే పురుషుడైనా, ఒళ్ళంతా కప్పుకునే కనిపిస్తారు. గొంచా అనే పొడవాటి ఉన్ని అంగీ వారి సంప్రదాయ దుస్తు. ఎండకు, దుమ్ముకు తలగుడ్డను ముఖం మీదికి లాక్కుంటారు. నిండుగా, వదులుగా ధరించడం ఆ నేల తన బిడ్డలకు నేర్పిన తెలివి. పొట్టి చేతుల చొక్కాలతో, మోకాళ్ళు కనిపించే లాగులతో తిరిగే పర్యాటకులే సాయంత్రానికి ముఖాలు, చేతులు కమిలిపోయి మందుల దుకాణం వెతుక్కుంటారు.

పురుషులకు కూడా ఒక మాట. మనం నమాజుకు ధరించే జాలీ టోపీ చెవులను కాపాడదు. చెవులు మూసే ఉన్ని టోపీ, చేతి తొడుగులు, నల్ల కళ్ళద్దాలు వారికి కూడా తప్పనిసరి.

వుజూ, నమాజు కోసం

వుజూకు చల్లని నీరు అక్కడ పెద్ద పరీక్ష. అందుకే తోలు మేజోళ్ళు, అంటే ఖుఫ్ఫైన్, సంచిలో తప్పక ఉండాలి. చార్మినార్ పరిసరాల్లోని టోపీ, అత్తరు దుకాణాల్లో దొరుకుతాయి. పూర్తి వుజూతో వాటిని తొడుక్కుంటే, ప్రయాణికుడు మూడు పగళ్ళు, మూడు రాత్రుల వరకు కాళ్ళు కడగకుండా వాటిపై మసహ్ చేసుకోవచ్చు. ఇంటిపట్టున ఉన్నవారికి ఈ సౌలభ్యం ఒక పగలు, ఒక రాత్రి. పలచని మామూలు మేజోళ్ళకు ఇది వర్తించదని హనఫీ పండితులు చెబుతారు. కనుక వెళ్ళేముందే మీ మసీదు ఇమామ్ గారిని అడిగి తెలుసుకోండి. ధర్మం ఇచ్చిన సౌలభ్యం ఎంత అవసరమో మల్కాజ్‌గిరిలో కుళాయి తిప్పితే తెలియదు. లేహ్‌లో ఫజ్ర్ వేళ తెలుస్తుంది.

నీటి పొదుపు మరో సంగతి. ఆ నగరానికి నీరు ప్రధానంగా కొండల మీది మంచు, హిమానీనదాలు కరిగి వచ్చేదే. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే ఇంచుమించు లీటరుకు మించని నీటితో, వుజూ చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. మేము ఒక చిన్న ప్లాస్టిక్ బద్నా వెంట తీసుకువెళ్ళాము. దానితో ఒక లీటరు గోరువెచ్చని నీరు ఒకరి వుజూకు హాయిగా సరిపోయింది.

చిన్న దిక్సూచి కూడా పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. లేహ్‌లో అది పడమరకు కొద్దిగా దక్షిణంగా మారుతుంది. అలవాటు చొప్పున నిలబడితే పొరపాటు జరుగుతుంది. నమాజుకు మందపాటి ఉన్ని జానిమాజ్ ఉంటే, చల్లని నేల మీద పెద్దవారి మోకాళ్ళకు ఊరట.

నా తప్పు

ఢిల్లీ నుండి ఉదయపు విమానంలో గంటన్నర లోపే లేహ్ చేరుకున్నాము. బయట అడుగు పెట్టగానే నీలిరంగు ఆకాశం, దాని కింద చెట్టుచేమ లేని కొండలు, వాటి మీద మంచు. నోటి నుండి మాట రాలేదు.

మేము దిగిన అతిథిగృహం ఒక ముస్లిం కుటుంబానిది. యార్కంద్, కశ్మీర్ ప్రాంతాల నుండి వచ్చిన వర్తకులకు, స్థానిక స్త్రీలకు జరిగిన వివాహాల వల్ల ఏర్పడిన కుటుంబాలను అక్కడ అర్గోన్లు అంటారు. ఆ ఇంటి పెద్దావిడను మేము ఖాలా అని పిలిచాము. ఆమె ఉప్పు, వెన్న కలిపిన వేడి చాయ్ ఇచ్చి, "ఈ రెండు రోజులు మీరు మంచం దిగకండి" అన్నారు. చాచా కూడా అదే చెప్పి పంపారు. అక్కడి అధికారులు కూడా విమానంలో వచ్చినవారు 48 గంటలు విశ్రాంతి తీసుకోవాలనే సూచిస్తారు.

అత్తమ్మ ఆ మాటను ఆజ్ఞలా పాటించారు. దుప్పటి కప్పుకుని, తస్బీహ్ చేత పట్టుకుని, గంటకొకసారి గోరువెచ్చని నీరు తాగుతూ కూర్చున్నారు. నేను మాత్రం మధ్యాహ్నం దాకా ఆగి, "నాకేమీ కాలేదు, ఆరోగ్యంగానే ఉన్నాను" అనుకుని, ఆ మందపాటి కోటు తొడుక్కుని బజారుకు బయలుదేరాను. మా వారు వద్దన్నారు. "ఎనిమిది రోజుల్లో రెండు రోజులు పడుకోవడానికా ఇంత ఖర్చు పెట్టింది?" అన్నాను.

బజారు మొదట్లోనే జామా మసీదు కనిపించింది. లద్దాఖ్ పాలకుడు దెల్దన్ నంగ్యాల్ కాలంలో, 1666-67 ప్రాంతంలో వెలసిన మసీదు అది, తర్వాత పునర్నిర్మించారు. దాని పైన కొండ మీద తొమ్మిది అంతస్తుల రాజప్రాసాదం. పైకి వెళ్ళే దారి చూడగానే కాళ్ళు ఆగలేదు. సగం ఎక్కేసరికి కోటు లోపల ఒళ్ళంతా చెమట. కోటు విప్పేశాను. ఇంతలో సూర్యుడు కొండ చాటుకు వెళ్ళాడు, గాలి లేచింది. తడిసిన నూలు బట్ట వీపుకు మంచుపలకలా అంటుకుంది. చాచా చెప్పిన ప్రతి మాట అప్పుడు గుర్తుకు వచ్చింది.

రాత్రి తల బద్దలైపోతున్నట్లు నొప్పి. రెండుసార్లు వాంతి అయింది. కన్ను మూతపడితే ఊపిరి ఆగినట్లై ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇషా నమాజు కూర్చుని చేశాను. అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ప్రాణవాయువు పెట్టాక కొంత తేరుకున్నాను. వైద్యుడు కోప్పడలేదు. "నొప్పి పూర్తిగా పోయేవరకు ఇంతకంటే ఎత్తుకు వెళ్ళకండి. వెళ్తే ఇది ప్రాణం మీదికి రావచ్చు" అని మాత్రం అన్నారు.

68 ఏళ్ళ అత్తమ్మ నా తల దగ్గర కూర్చుని దుఆ చదువుతున్నారు. ఎవరికి ఏమవుతుందోనని మేమంతా ఆమె గురించి భయపడ్డాము. పడిపోయింది నేను.

పాంగాంగ్ మానుకున్న రోజు

మూడో రోజు పాంగాంగ్ సరస్సుకు బండి మాట్లాడుకున్నాము. డబ్బు ముందే కట్టాము. ఆ సరస్సు 4,200 మీటర్ల పైన ఉన్నది. దారిలో చాంగ్ లా కనుమ అంతకంటే ఎంతో ఎత్తు. నా తలనొప్పి తగ్గింది గానీ పోలేదు. నా వల్ల మా అమ్మాయి కోరిక పాడవుతున్నదని సిగ్గు వేసింది. "మీరు ముగ్గురూ వెళ్ళి రండి, నేను ఉంటాను" అన్నాను. కాసేపటికి, "మాత్ర వేసుకుని నేనూ వస్తాను, ఏమీ కాదు" అని కూడా అన్నాను.

అత్తమ్మ మెల్లగా అన్నారు: "ఆ చెరువు ఎక్కడికీ పోదు. నువ్వు పోతే ఎవరిని అడగాలి? ప్రాణం అల్లాహ్ మనకిచ్చిన అమానతు. దానిని తెలిసి తెలిసి ప్రమాదంలో పడేయడానికి మనకు హక్కు లేదు."

మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ తనే లేచి వెళ్ళి బండివాడికి వద్దని చెప్పి వచ్చింది. కట్టిన డబ్బులో సగమే తిరిగి వచ్చింది. ఆ సగం పోయిందని నేను బాధపడుతుంటే ఖాలా నవ్వి, "బేటీ, వెనుకటి రోజుల్లో యార్కంద్ బిడారులు వారాల తరబడి నడిచి, మెల్లమెల్లగా ఈ ఎత్తుకు అలవాటు పడుతూ వచ్చేవి. మీరు గంటన్నరలో వచ్చేశారు. మీ ఒళ్ళు ఇంకా దారిలోనే ఉన్నది. అది వచ్చి చేరేదాకా ఆగాలి కదా!" అన్నారు.

ఆమె మాట ఉత్త సామెత కాదు. గల్వాన్ నదికి ఎవరి పేరు వచ్చిందో ఆ గులాం రసూల్ గల్వాన్ లేహ్‌కు చెందిన ముస్లిం. చిన్నతనం నుండి బిడారులలో పనిచేసి, యూరప్ యాత్రికుల బృందాలకు నాయకుడైనవాడు. 1923లో ఆయన ఆత్మకథ వెలువడింది. ఆ దారుల్లో బరువు ఎంత మోయాలో, ఎక్కడ ఆగాలో తెలిసినవారే బతికి బయటపడేవారు.

మిగిలిన రోజులు మేము ఎత్తుకు కాకుండా దిగువకు వెళ్ళాము. లేహ్ కంటే తక్కువ ఎత్తున ఉన్న నిమ్మూ వద్ద సింధు, జన్‌స్కార్ నదులు కలుస్తాయి. ఆకుపచ్చ నీరు, మట్టి రంగు నీరు పక్కపక్కనే పారుతూ కలిసిపోయే చోట మా అమ్మాయి గంటసేపు కూర్చుని, రాళ్ళను గురించి నానమ్మకు పాఠం చెప్పింది. షే గ్రామంలో షాహె హమదాన్ పేరిట ఉన్న పాత మసీదును చూశాము. శుక్రవారం మా వారు జామా మసీదులో జుమా నమాజు చేసి, వస్తూ వస్తూ ఎండు ఖూబానీలు తెచ్చారు. మన పెళ్ళి విందుల్లో ఖూబానీ కా మీఠా తినని ఇల్లు ఉండదు. ఆ పండు చెట్టుకు పూసి కాసే నేలను అత్తమ్మ మొదటిసారి చూశారు. పాంగాంగ్ చూడలేదన్న లోటు ఆ ముఖంలో ఎక్కడా కనిపించలేదు.

సంచి సర్దేవారికి

వెళ్ళాలనుకునేవారి కోసం, మే నుండి సెప్టెంబరు వరకు సరిపడే విధంగా, ఒక్కొక్కరికి కావలసినవి ఇక్కడ కూర్చి చెబుతున్నాను.

దుస్తులు: థర్మల్ జతలు రెండు, వదులైన కుర్తా, సల్వార్లు మూడు జతలు, ఉన్ని స్వెటర్ ఒకటి, గాలిని ఆపే జాకెట్ ఒకటి, ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు, చెవులు మూసే టోపీ, చేతి తొడుగులు, శాలువా, అలవాటైన బూట్లు. చాలా విమానాల్లో ఒక్కొక్కరికి 15 కిలోలే అనుమతి. కనుక బరువైన జాకెట్, బూట్లు ఒంటి మీదే ఉంచుకోండి.

ఎండకు, పొడితనానికి: అతినీలలోహిత కిరణాలను ఆపే కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్, వ్యాజలైన్. కొబ్బరినూనె తీసుకువెళ్ళవద్దు, అక్కడ అది సీసాలోనే గడ్డకడుతుంది. ఒక థర్మాస్ ఫ్లాస్కు, రబ్బరు వేడినీటి సంచి చాలా ఉపయోగం.

తినుబండారాలు: ఊరగాయ సీసాను గట్టి కవర్లో చుట్టండి. ఎత్తులో పీడనం తగ్గి మూత దగ్గర నూనె కారుతుంది. చిప్స్ పొట్లాలు బెలూన్లలా ఉబ్బుతాయి. అక్కడ నీరు 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి ప్రెషర్ కుక్కర్ లేనిదే పప్పు ఉడకదు. వేడినీళ్ళు పోస్తే తయారయ్యే ఉప్మా, అటుకుల పొడులు మేలు.

మందులు: రోజూ వాడేవి రెండింతలు, అందులో సగం చేతిసంచిలో. ఎత్తు జబ్బును నివారించే మాత్రలు వైద్యుడు చెబితేనే వాడాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. నిద్రమాత్రలు వద్దు, అవి శ్వాసను మరింత మందగింపజేస్తాయి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అనుమతి లేనిదే బయలుదేరకూడదు. కూర్చున్నా ఆయాసం, నడకలో తూలు, మాట తడబాటు, ఆగని దగ్గు కనిపిస్తే తెల్లవారే దాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి, వీలైతే దిగువకు తీసుకువెళ్ళాలి.

ఫోను: ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉండాలి.

ఇవన్నీ సర్దుకున్నాక సంచిలో ఇంకొంత చోటు మిగల్చండి. అందులో రెండు ఖాళీ రోజులు పెట్టండి. వాటికి బరువు లేదు, కానీ ప్రయాణపు ఖర్చులో వాటి వెల ముందే లెక్కించాలి. మందపు కోటు ఇవ్వలేని రక్షణను ఆ రెండు రోజులు ఇస్తాయి. వాటిని వృథా అనుకున్నందుకే నేను మరో మూడు రోజులు పోగొట్టుకున్నాను.

తిరిగి వచ్చిన సాయంత్రం తార్నాకలో బండి దిగగానే వేడిగాలి ముఖానికి కొట్టింది. అల్హమ్దులిల్లాహ్ అనుకుని నిండుగా ఊపిరి పీల్చాను. అంత గాలి ఉచితంగా దొరుకుతున్నదని నలభై ఆరేళ్ళలో నాకు ఎన్నడూ తోచలేదు. మరునాడు ఆ మందపాటి కోటును ఉతికి, పనిమనిషి కూతురికి ఇచ్చాను. ఉన్ని మేజోళ్ళు మాత్రం బీరువాలో దాచాను. మా అమ్మాయి పాంగాంగ్ ఇంకా మిగిలే ఉన్నది. ఇన్షాఅల్లాహ్, ఈసారి సర్దేటప్పుడు మొదట రెండు రోజులు పెట్టి, ఆ తర్వాతే బట్టలు పెడతాను.